శుక్ర మూఢంలో శాక్సోఫోన్

నవంబర్ 27

నిన్నటితో శుక్ర మూఢం మొదలైంది. ఇక ఫిబ్రవరి సగం దాకా పెళ్ళిళ్ళు లేవు, మా మేళానికి పని లేదు. అన్న డోలుకు గుడ్డ చుట్టి అటకెక్కించాడు. నేను శాక్సోఫోన్ తుడిచి పెట్టెలో పెట్టాను. ప్రతి మూఢంలోనూ చేసే పనే ఇది. ఈసారి మాత్రం పెట్టె మూయబుద్ధి కాలేదు.

కుడి చెవిలో నీళ్ళు పోయినట్టున్నాయి. తలస్నానం చేసినప్పుడు వెళ్ళి ఉంటాయి.

నవంబర్ 30

ఫణి అని ఒకతను వెతుక్కుంటూ సంతోష్‌నగర్‌లో మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం ఏలూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. పగలు ఏదో కంపెనీలో పని, మిగిలిన టైమంతా గిటారు. మొన్న వాళ్ళ పెద్దమ్మ కూతురి పెళ్ళిలో మాదే మేళం. అందరూ భోజనాల మీద ఉంటే ఇతను స్తంభం పక్కన నిలబడి నా శాక్సోఫోన్ విన్నాడట. ఫోన్‌లో రికార్డు కూడా చేసుకున్నాడట.

"మీరు చివర్లో ఒక స్వరం అలా పట్టుకుని వదిలేశారు కదండీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనొక ఆల్బమ్ చేస్తున్నాను. పాటలుండవు, మాటలుండవు, వాద్యాలే. అందులో మీరు వాయించాలి" అన్నాడు.

ఇరవై ఏళ్ళలో నన్ను వాయించమన్నవాళ్ళున్నారు, చాలించమన్నవాళ్ళున్నారు. "కొంచెం మెల్లగమ్మా, ఫోన్ మాట్లాడుతున్నం" అన్నవాళ్ళు లెక్కలేనంతమంది. విన్నానని చెప్పినవాడు ఇతనే మొదలు. నవ్వొచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఎందుకో కాసేపు ఊరికే నిలబడ్డాను.

అన్నకు నచ్చలేదు. "మూఢంల కొత్త పని ఏందే?" అన్నాడు.

"నేనేమన్న పెండ్లి చేసుకుంటున్ననా అన్నా? ఊదనీకి పోతున్న, గంతే."

"గా పిచ్చి సంగీతంతోని నీ శ్రుతి చెడకొట్టుకోకు. ఫిబ్రవరిల ముహూర్తాలున్నయి."

శ్రుతి విషయంలో కొండల్ అన్న దేవుణ్ణయినా క్షమించడు.

డిసెంబర్ 4

ఏం రాయాలో తెలియడం లేదు. రాస్తే తగ్గిపోతుందేమోనని భయంగా ఉంది.

ఫణి రికార్డింగ్ గది చార్మినార్ దగ్గర, పత్తర్‌గట్టి వెనక సందులో. గాజుల దుకాణం పక్క మెట్లెక్కితే మేడ మీద. కింద వెండి వరక్ కొట్టే కార్ఖానా. మిఠాయిల మీద వేసే వెండి రేకును తోలు పొరల మధ్య పెట్టి సుత్తులతో సాగగొడుతుంటారు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా అదే దెబ్బ. పైన గది నేల కూడా అదురుతూ ఉంటుంది. చప్పుడు రాకూడదని ఫణి గోడల నిండా బొంతలు వేలాడదీశాడు. పాతబస్తీ చప్పుడు బొంతలకు ఆగుతుందా! పత్తర్‌గట్టి ఆటోలన్నీ గదిలోకే వచ్చాయి.

డ్రమ్స్ వాయించేది సాలెహ్ భాయ్. పాతబస్తీ బార్కస్ మనిషి. వాళ్ళ ఇంట్లో తాతల నుంచీ శాదీలకు మర్ఫా డప్పులు వాయిస్తారట. నన్ను చూడగానే లేచి నిలబడి, "ఆయియే ఆపా. మీరు మీ పెండ్లిండ్లల్ల, నేను మా శాదీలల్ల. ఇద్దరిదీ ఒకటే కథ, బిర్యానీ వచ్చినంక మనల్ని ఎవ్వరు చూడరు" అన్నాడు. అక్కా అన్నట్టే ఆపా అన్నాడు, వెంటనే నచ్చేశాడు.

ఈ రకం సంగీతాన్ని స్పేస్ రాక్ అంటారట. సైకెడెలిక్ అని ఇంకో మాట కూడా చెప్పాడు. అర్థం అడిగితే ఫణి చేతులు గాల్లో తిప్పాడు. చేతులు తిప్పితే నాకేం తెలుస్తుంది?

హెడ్‌ఫోన్ పెట్టుకోమన్నాడు. గిటారు తీగ ఒక్కటి మీటి, కాలి కింద ఏదో పెట్టె నొక్కాడు. ఆ స్వరం పోలేదు. పోకుండా వెడల్పవుతూ వెళ్ళింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక సాలెహ్ భాయ్ డ్రమ్ము ఎక్కడో చాలా దూరం నుంచి. తర్వాత నన్ను ఊదమన్నాడు. చెప్పులు విప్పి నిలబడి షడ్జమం పట్టుకున్నాను.

నా స్వరం నా నోట్లోంచి వెళ్ళిపోయింది. వెళ్ళి, ఎక్కడో దేనికో తగిలి, మెల్లగా తిరిగి వచ్చింది. వచ్చినప్పుడు అది నాకంటే పెద్దదిగా ఉంది. ఇన్నేళ్ళు ఊదాను కదా, ఇది నాలోనే ఉందా? శాక్సోఫోన్ కిందికి దించేశాను.

"ఏమైందక్కా?" అన్నాడు ఫణి. అండీ పోయి అక్క వచ్చింది.

"ఏం లేదు. మల్ల పెట్టు" అన్నాను.

మొదలుపెట్టడానికి, ఆపడానికి సైగ ఏమిటని అడిగాను. మా మేళంలో పంతులే సైగ. తాళి కట్టే క్షణాన ఆయన చెయ్యి పైకెత్తి వేళ్ళాడిస్తాడు, మేము గట్టిమేళం అందుకుంటాం. తుమ్ము, ఏడుపు, చెడ్డమాట, ఏదీ ఆ క్షణంలో ఎవరి చెవినా పడకూడదు. అదంతా చెప్పాను.

ఫణి ఆశ్చర్యంగా విన్నాడు. "అంటే వేరే చప్పుళ్ళని కప్పెయ్యడం మీ పని అన్నమాట."

అంత సూటిగా ఎవరూ అనలేదు ఎప్పుడూ. నిజమే, మా పని అదే.

డిసెంబర్ 7

చెవిలో నీళ్ళు ఇంకా పోలేదు.

డిసెంబర్ 12

శుక్రవారం కార్ఖానాకు సెలవు. సుత్తులుండవు కాబట్టి శుక్రవారాలే రికార్డింగ్ అని ఫణి పెట్టుకున్నాడు.

అంతా చెడింది. హెడ్‌ఫోన్‌లో డ్రమ్స్ కుడివైపు పెట్టాడట. నాకు సరిగ్గా అందలేదు. నేను ముందుకెళ్ళిపోయాను, మళ్ళీ వెనకబడ్డాను. కొండల్ అన్న చెల్లెలు తాళం తప్పింది! సాలెహ్ భాయ్ మర్యాదస్తుడు, తప్పు తనదే అన్నాడు. ఇంకా సిగ్గేసింది.

ఏదో ఒకటి చెప్పాలి కదా. "సుత్తి దెబ్బలు లేకుంటే నాకు తాళం కుదురుతలేదు" అన్నాను. అబద్ధం కూడా కాదు అది. మొన్న ఆ దెబ్బ నేలలోంచి నా అరికాళ్ళకు తగులుతూనే ఉంది, దాన్ని పట్టుకునే వాయించాను.

ఫణి కుర్చీలోంచి లేచాడు. "అక్కా! అదే! ఇన్ని రోజులూ ఆ సుత్తుల్ని బయటికి తోసెయ్యాలని చూస్తున్నాను నేను. లోపలికి తెచ్చుకోవాలి!"

రేపటి నుంచి సుత్తులున్నప్పుడే రికార్డింగ్. కార్ఖానాలో కూడా మైకు పెడతాడట. తప్పించుకోవడానికి అన్న మాటకు నన్ను మహా మేధావిని చేశాడు పిల్లవాడు. బొంతలన్నీ తీసేసి మడతపెట్టాం. సాలెహ్ భాయ్ ఒకటి పరుచుకుని పడుకున్నాడు.

డిసెంబర్ 20

చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. అన్నకు చెప్పలేదు, బేగంబజార్‌లో గిన్నెలు కొనాలని చెప్పాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. ఎడమ చెవికి ఎత్తుతూనే ఉన్నాను. కుడికి వచ్చేసరికి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

"పెండ్లిండ్లల్ల శాక్సోఫోన్."

"మీ కుడిపక్కన ఏముంటుంది?"

"మా అన్న ఉంటడు. డోలు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి నా వైపు చూసింది. నరం దెబ్బతిందట. కుడి చెవి పోయినట్టే, తిరిగి రాదు. ఎడమదాన్నయినా కాపాడుకోమంది, డోలుకు దూరంగా ఉండమంది.

డాక్టర్లకు భయపెట్టడం అలవాటు. చలికాలం కదా, జలుబు. తగ్గితే అదే సర్దుకుంటుంది.

డిసెంబర్ 21

నాకు జలుబు లేదు.

డిసెంబర్ 23

అన్నకు తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. సన్నాయి వాయించే మా బాబాయికి పళ్ళూడితే అన్న ఏడుస్తూనే ఆయన్ను మేళంలోంచి తీసేశాడు. శాలువా కప్పి, కాళ్ళకు దండం పెట్టి, ఇంట్లో కూర్చోబెట్టాడు. బాబాయి ఆ శాలువాను ఒక్కసారి కూడా కప్పుకోలేదు. శ్రుతి వినపడని మనిషిని అన్న ఉంచుకోడు. చెల్లెలైనా ఉంచుకోడు. అతనిది తప్పని కూడా అనలేను.

ఫణికీ చెప్పను. ఇంత కాలానికి నన్ను వినేవాళ్ళు దొరికారు. ఇప్పుడు నాకు వినపడదని ఎలా చెప్పను? ఎడమ చెవి ఉంది కదా. ఈ ఆల్బమ్ పూర్తయ్యేదాకా ఉంటే చాలు. పూర్తిగా ఒక్కసారి వినాలి నేను.

డిసెంబర్ 30

ఈ రోజు రేవతి రాగంలో ఊదాను. ఫణికి రాగం పేరు తెలియదు, కానీ గిటారుతో ఆ స్వరాల దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం ఒకచోట కలిశాం. కింద సుత్తులు, నడుమ సాలెహ్ భాయ్. కిటికీలోంచి గాజులవాళ్ళ వీధి లైట్లు కనపడుతున్నాయి. నేను ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. భూమి మీద లేనని మాత్రం తెలుసు.

జనవరి 8

ఈ రోజు జరిగింది తలుచుకుంటే నవ్వు, ఏడుపు రెండూ వస్తున్నాయి.

ఆల్బమ్‌లో ఆఖరిది, పొడుగైనది, వాయిస్తున్నాం. చాలా నెమ్మదిగా సాగుతుంది అది. గిటారు ఒక్క స్వరం మీద పడుకుని ఉంది. నేను కళ్ళు మూసుకుని మంద్రంలో ఊదుతున్నాను. ఎందుకో కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఫణి చెయ్యి పైకెత్తి వేళ్ళాడిస్తున్నాడు.

ఇరవై ఏళ్ళ అలవాటు. ఆలోచించేదేముంది! నా వేళ్ళు వాటంతటవే గట్టిమేళం అందుకున్నాయి. ఊపిరంతా పెట్టి ఊదాను. సాలెహ్ భాయ్ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, అంతలోనే మర్ఫా దరువులోకి దూకాడు. మా తాతలు, వాళ్ళ తాతలు అందరూ కలిసి గదిలోకి వచ్చినట్టయింది. నేల, కిటికీ రెక్కలు, నా పళ్ళు అన్నీ అదిరాయి. ఫణి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తర్వాత ఆ చెయ్యి దించి గిటారు మీద పడ్డాడు. ఎలా ముగించామో, ఎంతసేపు వాయించామో తెలియదు. ఆపినప్పుడు కింద కార్ఖానాలో సుత్తులు కూడా ఆగి ఉన్నాయి. వాళ్ళు పని మానేసి పైకి చెవులు పెట్టారట.

"ఆపా, ఏం కొట్టిన్రు! నా దిల్ బందయి మల్ల చాలూ అయింది" అన్నాడు సాలెహ్ భాయ్.

ఫణి మొహం పాలిపోయి ఉంది. "అక్కా, నేను ఆపమని చెయ్యెత్తాను."

"ఎందుకు?"

"కింద ఆటో హారన్ ఇరుక్కుపోయి ఒకటే మోత కదా. మీకు వినపడలేదా?"

నాకు వినపడలేదు. కిటికీ నా కుడిపక్కన ఉంది. "వినపడ్డది. అందుకే గట్టిమేళం అందుకున్న. చెడ్డ చప్పుడు వస్తే కప్పాలె గదా" అన్నాను.

రికార్డు చేసింది పెట్టి విన్నాం. హారన్ కుడివైపు మొదలవుతుందట, దాని మీద నా గట్టిమేళం విరుచుకుపడి మింగేస్తుంది. ఫణి కళ్ళలో నీళ్ళు. "దీన్ని ముట్టుకోను. ఆల్బమ్ మొత్తం ఇక్కడికి రావడానికే నడుస్తోంది" అన్నాడు.

ఇదెలా జరిగింది? నా చెవి బాగుంటే హారన్ విని ఆగిపోయేదాన్ని. బాగాలేదు కాబట్టి ఇది వచ్చింది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. దండం మాత్రం పెట్టుకున్నాను.

జనవరి 17

ఆల్బమ్‌కు పేరు కావాలట. ఫణి ఇంగ్లీషు పేర్లు చదివాడు. సాలెహ్ భాయ్ ఒక్కోదానికి ఒక్కో ఆవలింత ఇచ్చాడు. రంజాన్ ముందు శాదీలు మస్తుగా ఉన్నాయి, పాపం నిద్ర లేదు.

"మీకిన్ని రోజులు ఖాళీ ఎలా దొరికిందక్కా?" అని అడిగాడు ఫణి. మూఢం అని చెప్పాను.

"అంటే?"

"శుక్రుడు సూర్యుని దగ్గరికి పోతడు. ఆ వెలుగుల మనకు కనపడడు. కనపడనన్ని రోజులు మంచి పనులు చెయ్యరు."

"మాయమైపోతాడా?"

"ఏడికి పోతడు? ఆడనే ఉంటడు, మనకు కనపడడు గంతే. మల్ల అటు దిక్కు నుంచి వస్తడు."

ఫణి ఇంగ్లీషు పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పేరు కుదిరింది: శుక్ర మూఢం.

అన్నకు చెబితే, "ఎవడన్న గసొంటి పేరు పెడతడానే!" అని చెంపలేసుకున్నాడు.

ఫిబ్రవరి 3

ఆల్బమ్ మొత్తం విన్నాను.

ముందు ఒక సంగతి. పొద్దున నేను బయల్దేరుతుంటే అన్న అడ్డంపడ్డాడు. "రోజూ పోవుడేంది? ముహూర్తాలు దగ్గరకొచ్చినయి, సాధన లేదు. నేనే వచ్చి చూస్త, గక్కడ ఏం లొల్లి నడుస్తున్నదో" అని స్కూటర్ తీశాడు. కాదనలేకపోయాను.

ఫణి నాకు హెడ్‌ఫోన్ ఇచ్చి, "ఆఖరిదాంట్లో మీ శాక్సోఫోన్‌ని తిప్పానక్కా. ఎడమ నుంచి బయల్దేరి, కుడికి వెళ్ళి, మళ్ళీ ఎడమకి వస్తుంది. శుక్రుడు తిరిగినట్టు" అన్నాడు.

కూర్చుని చెప్పులు విప్పాను. మొదలైంది. గిటారు తెరుచుకుంది, నేలలోంచి సుత్తి వచ్చింది, నా స్వరం ఎడమ చెవి పక్కన పుట్టింది. అది నాదని చెప్పుకోవడానికి భయమేసేంత బాగుంది. ఇంట్లో వంటచేసే నేను, బస్సులో చిల్లర కోసం పోట్లాడే నేను, దీన్ని ఊదానా? తర్వాత అది కదిలింది. నా తల లోపలికి వచ్చి, నుదురు దాటి, కుడివైపుకు వెళ్ళింది. పోయింది.

ఏమీ లేదు. గిటారు ఉంది, సుత్తి ఉంది, నేను లేను. ఉన్నచోటే కూర్చుని నన్ను నేను వెతుక్కున్నాను. ఎంత భయమేసిందంటే ఫణి చెయ్యి పట్టుకోబోయాను. అప్పుడు ఎడమవైపు అంచున సన్నగా మొదలై, మెల్లగా, పెద్దదై, గట్టిమేళమై తిరిగొచ్చాను. అటు దిక్కు నుంచి వస్తుందని నేనే కదా చెప్పాను వాళ్ళకు. చెప్పినంత తేలిక్కాదు నమ్మడం. వెక్కివెక్కి ఏడ్చాను.

తర్వాత అన్న పెట్టుకున్నాడు. మొదట తొడ మీద తాళం వేస్తున్నాడు. నడుమ ఎక్కడో చెయ్యి ఆగిపోయింది. అయిపోయాక హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"గిది నువ్వేనా?"

"నేనే అన్నా."

"ఇన్నేండ్లు పక్కనే ఉంటి గదనే. నిన్ను గిట్ల ఎన్నడు వినలే."

ఆ మాటకు ఒళ్ళు తెలియలేదు నాకు. ఆ ఆనందంలో జాగ్రత్త మరిచిపోయాను. హెడ్‌ఫోన్ తీసుకుని మళ్ళీ ఆఖరిది పెట్టమన్నాను, ఈసారి తిప్పి పెట్టుకున్నాను. కుడిది ఎడమ చెవికి. ఇందాక పోయిన సగం వినాలి కదా.

"తిరగేసి పెట్టుకున్నారక్కా" అన్నాడు ఫణి.

"గట్లనే ఉండనియ్యి."

అన్న చూస్తున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు వినపడని చోట నేను ఎంత బాగా వాయించానో అప్పుడు విన్నాను.

కిందికి వచ్చాక చాయ్ తాగుదామని అన్న హోటల్‌కి తీసుకెళ్ళాడు. నా కుడిపక్కన కూర్చున్నాడు, ఎప్పటిలాగే. బిస్కెట్ ముంచుకుని తింటూ, ఏమీ మాట్లాడడేమిటని తిరిగి చూశాను. అతని పెదవులు కదులుతున్నాయి. నన్ను పిలుస్తున్నాడు. ఎన్నిసార్లు పిలిచాడో నాకు తెలియదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"తలస్నానం చేస్తుంటే నీళ్ళు పోయినయి."

"ఏం నీళ్ళే మహేశ్వరీ?"

అన్న తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "నా డోలేనా?"

"కాదన్నా" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. చాయ్ చల్లారిపోయింది.

ఫిబ్రవరి 9

అన్న అటక మీది నుంచి డోలు దింపలేదు.

ఫిబ్రవరి 13

బీరువాలో శాలువాలు ఉన్నాయా అని చూశాను. రెండున్నాయి.

ఫిబ్రవరి 18

మూఢం అయిపోయింది. ఎల్లుండి సైదాబాద్‌లో పెళ్ళి. డోలు దిగింది.

ఫిబ్రవరి 19

అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్న చెప్పాడు. "రేపు నీలం చీర కట్టుకో. అందరం నీలమే."

నీలం మా మేళం బట్టలు. లేచి వెళ్ళి చీర తీసి ఇస్త్రీ చేసుకున్నాను.

ఫిబ్రవరి 20

పెళ్ళి బాగా జరిగింది.

పొద్దున మండపంలో అందరూ ఎప్పటి చోట నిలబడుతుంటే అన్న డోలెత్తుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, చాలా ఎడంగా. మేళంలో ఎవరూ అలా నిలబడరు. పెళ్ళివారు ఎప్పుడూ మాకు వీపే చూపిస్తారు, ఇవాళ మా అన్న వీపు పెళ్ళివారికి. శ్రుతిపెట్టె నా ఎడమ పక్కన పెట్టించాడు. "నా చేతులు చూడు, చాలు. తప్పితే కండ్లతోని చెప్త" అన్నాడు.

ముహూర్తానికి పంతులు చెయ్యెత్తాడు. గట్టిమేళం. నా అరికాళ్ళలోకి డోలు వచ్చింది. ఎవరైనా తుమ్మారో, ఏడ్చారో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు.

అక్షింతలు పడ్డాయి, జనం భోజనాలకు లేచారు. అప్పుడు అన్న డోలు ఆపాడు. అరచెయ్యి దాని మీద పెట్టి, చప్పుడు రాకుండా అదిమి, నా వైపు చూసి తల ఊపాడు. నాకు అర్థమైంది. రేవతి అందుకున్నాను. కాలి కింది పెట్టెలు, గిటార్లు, తిరిగొచ్చే స్వరాలు ఏవీ లేవు. ఉన్న ఊపిరితో ఒక్క స్వరం పట్టుకుని, ఎంత దూరం పోతే అంత దూరం పోనిచ్చాను.

బిర్యానీ దగ్గర క్యూ. పిల్లల పరుగులు. ఫొటోగ్రాఫర్ నా ముందు నుంచే నడిచి వెళ్ళాడు. మండపంలో ఒక్కరూ నా వైపు తిరగలేదు. మా అన్న మాత్రం డోలు మీద చెయ్యి తియ్యకుండా, చివరిదాకా విన్నాడు.